పెద్దవయసు అమ్మానాన్నలతో చలికాలంలో ఆల్ప్స్ ఊళ్లో ఓ వారం: ఎలా ప్లాన్ చేసుకోవాలి

ఆల్ప్స్ అనగానే ఏ శిఖరం ఎక్కాలి, ఏ రోప్‌వే చూడాలి అని లిస్టు రాసుకోవడం మొదలుపెడతాం. డెబ్బై దాటిన అమ్మనో నాన్ననో వెంట తీసుకెళ్తున్నప్పుడు ఆ లిస్టు పక్కన పెట్టండి. ముందుగా ఆలోచించాల్సింది ఒక చిన్న దూరం గురించి: రైలు దిగిన ప్లాట్‌ఫాం నుంచి రాత్రి పడుకునే మంచం దాకా ఉన్న దూరం. ఆ దారిలో ఎన్ని మెట్లున్నాయి, ఎంత ఏటవాలు, ఎంత ఐస్ పేరుకుంటుంది అన్నదాన్ని బట్టే మీ వారం ఎలా గడుస్తుందో తేలిపోతుంది. ఆ దారి సాఫీగా ఉంటే పెద్దవాళ్లు రోజుకు రెండుసార్లు వాళ్లంతట వాళ్లే "అలా వెళ్లొద్దామా" అంటారు. లేకపోతే మొదటి రోజు భయంతోనే గదికి అతుక్కుపోతారు. ఈ వ్యాసంలో చెప్పే పనులన్నీ ఆ దూరాన్ని తేలిక చేయడానికే.

మొదట వాళ్లతో మాట్లాడండి, తర్వాత డాక్టర్‌తో

"యూరప్ చూపిస్తాం, రండి" అంటే మన అమ్మానాన్నలు చాలావరకు "మీ ఇష్టం నాన్నా" అనేస్తారు. ఆ జవాబు పట్టుకుని టికెట్లు కొనకండి. విడివిడిగా అడగండి. మంచు చూస్తే చాలా, మంచులో నడవాలని కూడా ఉందా? కిటికీ దగ్గర కూర్చుని కొండలు చూస్తూ ఓ పూట గడపగలరా, విసుగు పుడుతుందా? ఇప్పుడు ఇంట్లో మెట్లెక్కేటప్పుడు మధ్యలో ఆగుతున్నారా? రాత్రి బాత్రూమ్‌కి ఎన్నిసార్లు లేస్తున్నారు? ఈ చివరి ప్రశ్న అడగడానికి మొహమాటంగా ఉంటుంది. కానీ గది ఎంచుకోవడానికి అన్నిటికంటే పనికొచ్చే సమాధానం అదే.

ప్రయాణానికి మూడు నాలుగు నెలల ముందే వాళ్ల ఆరోగ్యం బాగా తెలిసిన డాక్టర్‌ను కలవండి. "ఫారిన్ వెళ్లొచ్చా" అని మాత్రమే అడిగితే "వెళ్లండి" అనే మాటే వస్తుంది. అంకెలతో అడగండి: పడుకునేది 1,300 మీటర్ల ఎత్తులో, ఒక పూట 2,000 మీటర్లు దాటి వెళ్లే ఆలోచన ఉంది, బయట సున్నా నుంచి మైనస్ 10 డిగ్రీల దాకా ఉండొచ్చు, విమానంలో ఇన్ని గంటలు కూర్చోవాలి అని. చలికి రక్తనాళాలు ముడుచుకుని బీపీ పెరుగుతుంది. ఆస్తమా, సీఓపీడీ (ఊపిరితిత్తుల్లో గాలి దారులు ఇరుకైపోయే దీర్ఘకాలపు జబ్బు) ఉన్నవాళ్లకు చల్లగాలి తగలగానే దగ్గు, ఆయాసం రావచ్చు. ఎత్తు వల్ల వచ్చే తలనొప్పి, వాంతులు సాధారణంగా 2,500 మీటర్లు దాటాక మొదలయ్యేవి, కాబట్టి ఊళ్లో ఉండడం వరకు చాలామందికి ఇబ్బంది ఉండదు. ఈమధ్య గుండెపోటు వచ్చినా, స్టెంట్ వేసినా, కూర్చున్నా ఆయాసం వస్తున్నా డాక్టర్ మాటే చివరి మాట. ఇంకో సంగతి చాలామందికి తెలియదు. రెటీనా ఆపరేషన్‌లో కంటి లోపల గ్యాస్ నింపి ఉంటే, అది పూర్తిగా కరిగిపోయేదాకా విమానమూ వద్దు, కొండా వద్దు. ఎత్తుకు వెళ్లేకొద్దీ ఆ గ్యాస్ ఉబ్బి చూపుకే ప్రమాదం.

అక్కడే కూర్చుని మందుల చీటీ రాయించుకోండి. కంపెనీ పేర్లు కాదు, మందు అసలు పేరు, డోసు ఉండాలి. టెల్మా అని కాకుండా టెల్మిసార్టాన్ 40 మిల్లీగ్రాములు అని. డోలో అంటే స్విట్జర్లాండ్ డాక్టర్‌కు అర్థం కాదు, పారాసెటమాల్ అంటే అర్థమవుతుంది. దాని కిందే అలర్జీలు, పాత ఆపరేషన్లు, బ్లడ్ గ్రూప్ రాయించండి. రక్తం పలుచబడే మందు వాడుతుంటే ఆ మాట పైనే, పెద్ద అక్షరాల్లో ఉండాలి. జారిపడి తలకు దెబ్బ తగిలితే ఆస్పత్రిలో మొదట అడిగేది అదే. స్విట్జర్లాండ్‌లోకి సొంత వాడకానికి సుమారు నెలకు సరిపడా మందులు తీసుకెళ్లొచ్చు. నిద్రమాత్రలు, గట్టి నొప్పి మాత్రలు ఉంటే ఆ నెల లెక్క కచ్చితంగా పాటించి, ప్రిస్క్రిప్షన్ వెంట ఉంచండి.

ఊరు ఎంచుకోవడం

ఇక్కడ తొందరపడొద్దు. పేరున్న ఊళ్లన్నీ పెద్దవాళ్లకు సరిపోవు. మూడు విషయాలు చూడండి: ఊరిదాకా రైలు వస్తుందా, స్టేషన్ ఊరి మధ్యలోనే ఉందా, స్టేషన్ చుట్టూ కొద్దిగా అయినా చదునైన దారి ఉందా.

నేను ఎక్కువమందికి చెప్పేది స్విట్జర్లాండ్‌లోని వెంగెన్. 1,274 మీటర్ల ఎత్తులో, లోతైన లౌటర్‌బ్రున్నెన్ లోయ అంచున ఎండ తగిలే అరుగులాంటి చోట ఉంటుంది. కార్లు రావు. లౌటర్‌బ్రున్నెన్‌లో పళ్ల చక్రాల రైలెక్కితే పావుగంటలో ఊళ్లో దిగుతారు. స్టేషన్, సూపర్‌మార్కెట్, హోటళ్లు, మెన్లిఖెన్ కేబుల్ కార్ అన్నీ దగ్గర దగ్గరే. స్టేషన్ దగ్గర హోటళ్ల బ్యాటరీ బళ్లు సామాను తీసుకెళ్తాయి. ఒక జాగ్రత్త మాత్రం చెప్పాలి. కార్లు లేని ఊరంటే బళ్లే లేని ఊరని కాదు. ఆ బ్యాటరీ బళ్లు చప్పుడు లేకుండా వెనకనుంచి వచ్చేస్తాయి. వినికిడి తగ్గిన నాన్నగారు దారి మధ్యలో నడుస్తుంటే మీరు పక్కనే ఉండాలి. పిల్లలు స్లెడ్జ్‌ల మీద జారుతూ వచ్చే దారులూ అవే.

కింద లౌటర్‌బ్రున్నెన్‌లో గది చవగ్గా దొరికిందని అక్కడ దిగకండి. వేసవిలో బాగుంటుంది కానీ రెండు పక్కలా నిట్టనిలువు కొండగోడలు ఉండడంతో డిసెంబర్, జనవరిలో ఎండ చాలా తక్కువ. పెద్దవాళ్లకు చలికాలంలో కావాల్సింది జలపాతం కాదు, ఎండ. గ్రిండెల్‌వాల్డ్ 1,034 మీటర్ల దగ్గర ఉంటుంది. రోడ్డు, బస్సు, టాక్సీ అన్నీ ఉన్నాయి కాబట్టి తరచూ ఆస్పత్రి అవసరం పడే మనిషి ఉంటే అదే మేలు. కాకపోతే ఊరు ఏటవాలు మీద ఉంది, హోటల్ ప్రధాన వీధిలోనే చూసుకోవాలి. మ్యూరెన్ అందంలో దేనికీ తీసిపోదు. కానీ 1,638 మీటర్ల ఎత్తు, పైగా లోయ నుంచి కేబుల్ కార్ ఎక్కాలి, మళ్లీ బండి మారాలి. కాళ్లనొప్పులున్న మనిషికి ప్రతి మార్పూ ఒక పరీక్షే.

జర్మనీలో ఉండేవాళ్లకు, ముఖ్యంగా మ్యూనిక్ వైపు వాళ్లకు, ఆస్ట్రియాలోని సీఫెల్డ్ చూడమని గట్టిగా చెప్తాను. సుమారు 1,200 మీటర్ల ఎత్తులో విశాలమైన పీఠభూమి మీద ఉంటుంది. మ్యూనిక్ నుంచి గార్మిష్ మీదుగా ఇన్స్‌బ్రుక్ వెళ్లే రైలు దారిలోనే స్టేషన్. చదునుగా, మంచు తొక్కి గట్టిచేసిన నడక దారులు చాలా ఉంటాయి. ఖర్చూ స్విట్జర్లాండ్ కంటే తక్కువ. రోజూ వాకింగ్ చేసే అలవాటున్న తల్లిదండ్రులకు వెంగెన్ కంటే సీఫెల్డే బాగుంటుందని నా అభిప్రాయం. కూర్చుని కొండలు చూడడం ఇష్టపడేవాళ్లకు వెంగెన్.

ఎప్పుడు వెళ్లాలి

అక్టోబర్ చివరి నుంచి డిసెంబర్ మధ్య దాకా చాలా హోటళ్లు, కేబుల్ కార్లు మూసి ఉంటాయి. క్రిస్మస్, న్యూ ఇయర్ రోజుల్లో రేట్లు ఆకాశంలో, రైళ్లు కిటకిట. జనవరి మధ్యలో వెంగెన్‌లో లౌబర్‌హార్న్ స్కీ పోటీలు జరుగుతాయి. 1930 నుంచి జరుగుతున్న పెద్ద పోటీ అది, వేలమంది వచ్చిపడతారు. ఆ వారం పెద్దవాళ్లతో వద్దే వద్దు. ఫిబ్రవరిలో యూరప్ స్కూళ్ల సెలవులు ఒకదాని వెంట ఒకటి వస్తాయి.

మిగిలేవి రెండు మంచి సమయాలు: జనవరి చివరి వారం, మార్చి మొదటి సగం. నన్నడిగితే మార్చి. మంచు ఇంకా ఉంటుంది, పగలు పొడవుగా ఉంటుంది, ఎండలో కుర్చీ వేసుకుని కూర్చోవచ్చు. డిసెంబర్ చివర్లో ఉదయం ఎనిమిది దాటితేగానీ తెల్లారదు, సాయంత్రం అయిదు లోపే చీకటి. మతిమరుపు మొదలైన పెద్దవాళ్లకు ఈ తొందర చీకటి కంగారు పుట్టిస్తుంది. అలాంటివాళ్లుంటే మార్చి తప్ప వేరే నెల ఆలోచించకండి.

గది బుక్ చేసే ముందు హోటల్‌కు రాయాల్సిన ప్రశ్నలు

బుకింగ్ సైట్‌లో "ఎలివేటర్" అని టిక్కు ఉంటే సరిపోదు. లిఫ్ట్ ఉంటుంది, దాని దగ్గరికి చేరడానికి ఆరు మెట్లుంటాయి. కొండ ఊళ్ల ఇళ్లు వాలు మీద కడతారు కాబట్టి ఇది మామూలే. అందుకే మెయిల్ రాసి అడగండి. స్టేషన్ నుంచి మీ తలుపు దాకా దారి ఎంత వాలుగా ఉంటుంది? చలికాలంలో తీసిన ఫొటో ఉంటే పంపుతారా? రోజూ మంచు తీసి, చిన్న కంకర చల్లుతారా? వీధి నుంచి మంచం దాకా మొత్తం ఎన్ని మెట్లు, పట్టుకోవడానికి రెయిలింగ్ ఉందా? బాత్రూమ్‌లో టబ్ ఉందా, నేరుగా నడిచి వెళ్లే షవర్ ఉందా? టబ్ అంచు దాటి లోపలికి కాలు వేయడం పెద్దవాళ్లకు ఐస్ మీద నడవడమంత ప్రమాదం. టబ్ ఒక్కటే ఉన్న గదిని, ఎంత అందంగా ఉన్నా, వదిలేయండి. షాలేలనే చెక్క ఇళ్లల్లో పడకగది పైఅంతస్తులో, బాత్రూమ్ కింద ఉండడం కూడా మామూలే. రాత్రి లేచే అలవాటు గురించి ముందే అడగమన్నది ఇందుకే.

హోటలా, వంటగది ఉన్న అపార్ట్‌మెంటా? మూడు రోజులకైతే హోటల్. వారం ఉంటే అపార్ట్‌మెంట్. మనవాళ్లకు రెండో రోజు సాయంత్రానికి అన్నం, చారు కావాల్సిందే. బాల్కనీ దక్షిణం వైపో పడమర వైపో ఉన్న గది అడగండి. కొంచెం ఎక్కువైనా ఆ డబ్బు వృథా కాదు, వాళ్లు రోజులో ఎక్కువసేపు గడిపేది అక్కడే.

వీసా, ఇన్సూరెన్స్

స్విట్జర్లాండ్, ఆస్ట్రియా రెండింటికీ పనికొచ్చే షెంగెన్ వీసాకు ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి అప్లై చేయొచ్చు, కనీసం 15 రోజుల ముందు ఇవ్వాలి. 2024 జూన్ నుంచి పెద్దల ఫీజు 90 యూరోలు. పాస్‌పోర్ట్ పదేళ్ల లోపు ఇచ్చినదై ఉండాలి, తిరిగొచ్చే తేదీ తర్వాత ఇంకా మూడు నెలలు చెల్లాలి. 2025 అక్టోబర్ నుంచి సరిహద్దులో వేలిముద్రలు, ఫొటో తీసుకునే కొత్త పద్ధతి వచ్చింది. మొదటిసారి వచ్చేవాళ్లకు క్యూ ఎక్కువసేపు పట్టొచ్చు, కనెక్టింగ్ ఫ్లైట్‌కు వ్యవధి బాగా ఉంచుకోండి.

ఇన్సూరెన్స్ దగ్గర ఎక్కువమంది వీసాకు సరిపడేది కొని ఊరుకుంటారు. వీసాకు కావాల్సింది కనీసం 30,000 యూరోల కవరేజీ. అది గడప దాటడానికి మాత్రమే. పాలసీ కాగితంలో మూడు చోట్ల వేలు పెట్టి చదవండి. ముందునుంచీ ఉన్న జబ్బులకు కవర్ ఉందా? మన దగ్గర అమ్మే చాలా పాలసీల్లో అది ప్రాణాపాయమైతేనే, అదీ చిన్న పరిమితితో ఉంటుంది. వాళ్ల వయసుకు మొత్తం కవరేజీ వర్తిస్తుందా, డెబ్బై దాటగానే తగ్గిపోతుందా? కొండమీద నుంచి హెలికాప్టర్‌లో తరలిస్తే ఆ బిల్లు కడతారా? స్విట్జర్లాండ్‌లో అంబులెన్స్‌కు కూడా బిల్లు వస్తుంది. బీపీ, షుగర్ ఉన్న సంగతి దాచి ప్రీమియం తగ్గించుకోవాలని చూడకండి, క్లెయిమ్ రోజున అదే అడ్డుపడుతుంది.

ఫోన్లో సేవ్ చేసి, కాగితం మీద కూడా రాసిపెట్టాల్సిన నంబర్లు: స్విట్జర్లాండ్‌లో అంబులెన్స్ 144, కొండల్లో హెలికాప్టర్ సహాయానికి రెగా సంస్థ 1414, అన్నిటికీ 112. ఆస్ట్రియాలో అంబులెన్స్ 144, కొండ రెస్క్యూ 140. వెంగెన్, గ్రిండెల్‌వాల్డ్ వాళ్లకు దగ్గరి ఆస్పత్రి కింద ఉన్న ఇంటర్‌లాకెన్ పట్టణం పక్కనే ఉన్న ఉంటర్‌జేన్‌లో ఉంది.

బట్టలు, బూట్లు

బూట్లతో మొదలుపెట్టండి. నెల ముందే కొని, ఇంట్లో మందపాటి సాక్స్‌తో వేసుకుని తిరగమనండి. మామూలు సైజు కంటే ఒకటి పెద్దది తీసుకోవాలి. బిగుతుగా ఉంటే రక్తం ఆడక వేళ్లు ఇంకా చల్లబడతాయి. అమ్మకు మెట్టెలుంటే ఆ సాక్స్, ఆ బూటు మెట్టెలతోనే వేసి చూడండి, నొక్కుకుంటుంటే ఇంకో సైజు పెంచండి. షుగర్ వల్ల పాదాల్లో స్పర్శ తగ్గినవాళ్లకు ఒరుసుకున్నా, చలికి దెబ్బతిన్నా తెలియదు. రోజూ సాయంత్రం సాక్స్ తీయించి పాదాలు మీరే చూడండి.

బూటు అడుగు ఎంత మంచిదైనా ఐస్ మీద జారుతుంది. బూట్లకు పైనుంచి తొడిగే రబ్బరు స్పైకులు కొనండి. వంగలేరు కాబట్టి తొడిగేది, తీసేది మీరే. షాపులో, స్టేషన్‌లో రాతి నేల మీదకు రాగానే తీసేయాలి, అక్కడ ఆ స్పైకులే జారిపోతాయి. చేతికర్ర వాడేవాళ్లకు దాని చివర బిగించే మేకు లాంటిది దొరుకుతుంది, మడిచి పైకి తిప్పేసే రకం తీసుకోండి.

ఒంటికి మందపాటి కోటు ఒక్కటే కాకుండా పొరలు పొరలుగా వేయాలి: లోపల ఉన్ని థర్మల్, మీద ఫ్లీస్, పైన గాలి చొరబడని జాకెట్. కాటన్ బనియన్ లోపల వద్దు, చెమట పీల్చుకుని ఒంటికి చల్లగా అంటుకుంటుంది. చీర తప్ప కట్టని అమ్మలు చాలామంది ఉంటారు, వాళ్లను బలవంతంగా ప్యాంటులోకి మార్చనక్కర్లేదు. చీర లోపల ఉన్ని లెగ్గింగ్స్, రెండు జతల సాక్స్ వేసి, కుచ్చిళ్లు బూటు మీదకు రాకుండా బెత్తెడు పైకి కట్టుకోమనండి. అంచు మంచుకు తడిస్తే చలీ, అడ్డం పడి కాలు తడబడడమూ రెండూ ఖాయం. సింథటిక్ చీర త్వరగా ఆరుతుంది. నాన్నగారి మంకీ క్యాప్ తప్పకుండా పెట్టండి, చెవులు, గొంతు కప్పడానికి అంతకంటే మంచిది లేదు. ముక్కు మీదుగా మఫ్లర్ చుట్టుకుంటే లోపలికి పోయే గాలి కొంత వెచ్చబడుతుంది.

నల్ల కళ్లద్దాలు సోకు కాదు. కొత్త మంచు మీద పడిన అతినీలలోహిత కిరణాల్లో 80 శాతం దాకా తిరిగి కళ్లలోకి కొడతాయి. శుక్లాల ఆపరేషన్ అయినవాళ్లలో కొందరికి ఆ వెలుగు మరీ ఇబ్బంది పెడుతుంది. మబ్బు పట్టినప్పుడు దానికి రివర్స్ ఇబ్బంది: నీడలే ఉండవు, నేల అంతా ఒకే తెలుపు, గుంట ఎక్కడో మెట్టు ఎక్కడో కనపడదు. అలాంటి రోజు చెయ్యి పట్టుకునే నడిపించాలి.

పెట్టెలో తినేవి

పాలు, మాంసంతో చేసినవేవీ ఇండియా నుంచి స్విట్జర్లాండ్‌కు గానీ యూరోపియన్ యూనియన్‌కు గానీ తీసుకెళ్లకూడదు. అంటే నెయ్యి, పాలకోవా, పెరుగులో ఊరబెట్టిన చల్ల మిరపకాయలు కూడా వద్దు. పచ్చి కరివేపాకు, కూరగాయలు సర్టిఫికెట్ లేకుండా కుదరవు. కందిపొడి, కారప్పొడి, చింతపండు, బియ్యం, కందిపప్పు, నూనెతో పెట్టిన ఆవకాయ పెట్టుకోవచ్చు. నెయ్యి కావాలంటే యూరప్‌లో ఉన్న పిల్లలు అక్కడి ఇండియన్ షాపులో కొని తేవడమే దారి. ఊళ్లోని కోప్ సూపర్‌మార్కెట్‌లో ప్లెయిన్ యోగర్ట్ దొరుకుతుంది, అన్నంలోకి బాగానే ఉంటుంది. ఎర్ర పప్పు కూడా దొరుకుతుంది, కందిపప్పు దొరకదనే అనుకుని వెళ్లండి.

చిన్న కుక్కర్ తీసుకెళ్లండి. 1,300 మీటర్ల దగ్గర నీళ్లు సుమారు 96 డిగ్రీలకే మరుగుతాయి కాబట్టి మామూలు గిన్నెలో పప్పు ఉడకడానికి ఇంకా ఎక్కువసేపు పడుతుంది. స్టవ్ ఇండక్షనా అని ముందే అడగండి, అయితే అల్యూమినియం కుక్కర్ పనిచేయదు, అడుగు స్టీలుది కావాలి. పోపు పెట్టేటప్పుడు కిటికీ తెరిచి, చిమ్నీ వేసి పెట్టండి. పొగకు అలారం మోగితే పెద్దవాళ్లు హడలిపోతారు. పూజ మానని వాళ్లకు ముందే చెప్పండి, చెక్క ఇంట్లో దీపం, కర్పూరం, అగరుబత్తి వద్దని. బ్యాటరీ దీపం ఒకటి సర్దుకోమంటే చాలామంది ఒప్పుకుంటారు.

స్విట్జర్లాండ్ ప్లగ్గు వేరు, మన మూడు పిన్నులది పట్టదు, సన్న రెండు పిన్నులది పడుతుంది. రాత్రి నిద్రలో ఊపిరి ఆగకుండా చూసే సీప్యాప్ మెషిన్ వాడేవాళ్లు ఉంటే అడాప్టర్ రెండు కొనండి. కొబ్బరినూనె అక్కడ రాయిలా గడ్డకడుతుంది. హీటర్ల వల్ల గది గాలి ఎండిపోయి చర్మం పగులుతుంది, కాబట్టి వ్యాజ్‌లైన్ తీసుకెళ్లండి. గదిలో తడి టవల్ ఆరేస్తే ముక్కు ఎండిపోవడం తగ్గుతుంది. బాత్రూమ్‌కి ఒక ప్లాస్టిక్ మగ్గు, రాత్రికి ప్లగ్‌లో పెట్టే చిన్న దీపం, జారని సాక్స్ మర్చిపోకండి.

ప్రయాణం రోజు

వీల్‌చెయిర్ సహాయం టికెట్ కొన్న రోజే అడగండి, కనీసం 48 గంటల ముందు చెప్పాలి. దీనికి డబ్బు తీసుకోరు. మూడు రకాలుంటాయి: దూరం నడవలేనివాళ్లకు ఒకటి, విమానం మెట్లు ఎక్కలేనివాళ్లకు ఒకటి, సీటు దాకా సాయం కావాల్సినవాళ్లకు ఒకటి. మీకు ఏది కావాలో స్పష్టంగా చెప్పండి. "నేను నడవగలను, వీల్‌చెయిర్ ఎందుకు" అని నాన్నగారు అంటే, అది నడవలేక కాదు, ఇమిగ్రేషన్ క్యూలో గంటసేపు నిలబడకుండా అని చెప్పండి. ఇన్సులిన్ చెక్ఇన్ బ్యాగ్‌లో పెట్టొద్దు, గడ్డకడితే పనికిరాదు. మంచులో తిరిగేటప్పుడు కూడా జాకెట్ లోపలి జేబులో ఉంచాలి. షుగర్ చూసే మెషిన్ చలిలో ఎర్రర్ చూపిస్తుంది, గదిలోకి వచ్చాక చూడండి. చలికాలంలో ఇండియా టైం నాలుగున్నర గంటలు ముందు ఉంటుంది. మందుల వేళలు ఎలా జరపాలో డాక్టర్‌తో కాగితం మీద రాయించుకోండి.

హైదరాబాద్ నుంచి ఒకేరోజు ఏకబిగిన ఊరు చేరాలని చూడకండి. జ్యూరిక్‌లో మధ్యాహ్నం దాటాక దిగితే ఆ రాత్రి అక్కడే, లేదా ఇంటర్‌లాకెన్‌లో ఆగండి. జ్యూరిక్ ఎయిర్‌పోర్ట్ నుంచి ఇంటర్‌లాకెన్ ఓస్ట్ స్టేషన్ దాకా రైల్లో రెండుంబావు గంటలు. అక్కడ కొండ రైలెక్కేటప్పుడు రైలుపెట్టె మీద బోర్డు చూసి ఎక్కించండి. ఆ రైలు త్స్వైల్యూచినెన్ అనే స్టేషన్‌లో రెండుగా విడిపోతుంది, సగం గ్రిండెల్‌వాల్డ్‌కు, సగం లౌటర్‌బ్రున్నెన్‌కు. పెద్ద పెట్టెలను స్విస్ రైల్వే వాళ్లకు అప్పగిస్తే స్టేషన్ నుంచి స్టేషన్‌కు పంపిస్తారు. రెండు రోజులు పట్టొచ్చు కాబట్టి మందులు, ఒక జత వెచ్చని బట్టలు చేతి సంచిలోనే ఉండాలి. స్విస్ ట్రావెల్ పాస్‌లో సీనియర్ సిటిజన్ రాయితీ లేదు. పాస్‌లు, కేబుల్ కార్ టికెట్లు ముందే కొని ఉంచండి. ఫ్రాంకు వంద రూపాయల పైమాటే. రేటు కళ్ల ముందు కనిపిస్తే వాళ్లు కాఫీ కూడా వద్దంటారు.

అక్కడ రోజులు ఎలా గడపాలి

బయట తిరగడానికి మంచి వేళ ఉదయం పదకొండు నుంచి మూడు దాకా. పొద్దున్నే దారులు ఇంకా శుభ్రం చేసి ఉండరు. మధ్యాహ్నం కరిగిన నీళ్లు ఎండ పోగానే పలుచని ఐస్‌గా మారతాయి, కనపడదు కూడా. అడుగులు చిన్నవిగా, పాదం మొత్తం ఒకేసారి ఆనేలా, ఒళ్లు కాస్త ముందుకు వంచి నడవమనండి. చేతులు జేబులో పెట్టుకోనివ్వకండి. ఇళ్ల చూరుల కింద నడవకండి, ఎండకు కప్పు మీది మంచు పెద్ద పెద్ద దిమ్మలుగా జారి పడుతుంది. స్విట్జర్లాండ్‌లో చలికాలపు నడక దారులకు గులాబీరంగు బోర్డులు ఉంటాయి, వాటినే పట్టుకుని వెళ్లండి. వెంగెన్‌లో చర్చి దగ్గరికి వెళ్తే లోయ మొత్తం కింద పరుచుకుని కనిపిస్తుంది.

రోజుకు ఒక్కటే పని పెట్టుకోండి, రెండో రోజు పూర్తిగా ఖాళీ. పైకి వెళ్లాలనుకుంటే మూడో రోజు తర్వాత. టూరిస్టులంతా వెళ్లే కొండమీది రైలు స్టేషన్ యుంగ్‌ఫ్రౌయోఖ్ 3,454 మీటర్ల ఎత్తులో ఉంది, అక్కడ గాలిలో దొరికే ఆక్సిజన్ సముద్రమట్టంతో పోలిస్తే మూడో వంతు తక్కువ. 2020 డిసెంబర్‌లో కొత్త కేబుల్ కార్ వచ్చాక ఇంకా త్వరగా పైకి చేరుతున్నారు, అంటే ఒళ్లు సర్దుకోవడానికి సమయం ఇంకా తగ్గింది. గుండె, ఊపిరితిత్తుల జబ్బు ఉన్నవాళ్లను అక్కడికి తీసుకెళ్లడం నాకు ఇష్టం లేదు. వెంగెన్ నుంచి రైల్లో అరగంటలోపు క్లైనె షైడెగ్ వస్తుంది, 2,061 మీటర్లు. ఐగర్, మ్యోంక్, యుంగ్‌ఫ్రౌ మూడు శిఖరాలూ ఎదురుగా నిలబడి ఉంటాయి. ఎండలో కూర్చుని వేడి సూప్ తాగి తిరిగి వచ్చేయొచ్చు. చాలామంది పెద్దవాళ్లకు అంతకంటే పైకి వెళ్లాల్సిన అవసరం లేదు. టూర్ వీడియోల్లో చూపించే ట్ర్యుమెల్‌బాఖ్ జలపాతాలు, షైనిగె ప్లాటె రైలు చలికాలంలో మూసి ఉంటాయి, వాటి మీద ఆశ పెట్టకండి.

బయటికెళ్తే టాయిలెట్ దొరకదేమోనని పెద్దవాళ్లు నీళ్లు తాగడం మానేస్తారు. పొడి గాలికి, చలికి ఒంట్లో నీరు తగ్గి తల తిరుగుతుంది, అలా పడిపోయే ప్రమాదం. అందుకే ఎక్కడికెళ్లినా మొదట టాయిలెట్ ఎక్కడుందో చూసి వాళ్లకు చెప్పండి, ఫ్లాస్క్‌లో వేడినీళ్లు ఉంచండి. "బాగున్నారా" అని అడిగితే "నాకేం, బాగానే ఉన్నా" అనే అంటారు. "మోకాలు నిన్నటికంటే ఎలా ఉంది, రాత్రి ఎన్నింటికి మెలకువ వచ్చింది" అని అడగండి, అప్పుడు అసలు సంగతి బయటికి వస్తుంది. "నావల్ల మీ సరదా పాడవుతోంది" అనే మాట కూడా ఎప్పుడో వస్తుంది. దానికి జవాబు మాటల్లో చెప్పకండి. మీరు స్కీయింగ్‌కు వెళ్లే పూట ముందే చెప్పి వెళ్లండి, మిగతా పూటలు వాళ్ల పక్కన తీరిగ్గా కూర్చోండి.

వాళ్లను గదిలో ఒంటరిగా వదిలే పూట ఫోన్లో లోకల్ సిమ్ పనిచేస్తోందో లేదో చూసి, హోటల్ పేరు, అడ్రస్ జర్మన్‌లో రాసిన కార్డు జేబులో పెట్టండి. స్టవ్, హీటర్, తలుపు తాళం మీ ఎదురుగా ఒకసారి వాళ్లతోనే వాడించండి. ఎప్పుడైనా జారిపడితే వెంటనే లేపకండి. తుంటి దగ్గర నొప్పి ఉందా, కాలు పక్కకు తిరిగి పొట్టిగా కనిపిస్తోందా చూడండి. ఉంటే కదపకుండా, కింద కోటు పరిచి, పైన కప్పి 144కు చేయండి. తలకు తగిలి, రక్తం పలుచబడే మందు వాడుతుంటే, బాగానే ఉన్నామన్నా సరే ఆస్పత్రికి తీసుకెళ్లాల్సిందే. ఇన్సూరెన్స్ వాళ్లకు అదే రోజు ఫోన్ చేసి, ప్రతి బిల్లూ ఒరిజినల్ దాచండి.

తిరుగు ప్రయాణం రోజు గది ఉదయం పది, పదకొండుకే ఖాళీ చేయమంటారు, ఫ్లైట్ చూస్తే రాత్రికి ఉంటుంది. ఆ పదిగంటలు పెద్దవాళ్లను స్టేషన్ బెంచీల మీద కూర్చోబెట్టకండి. ముందు రోజే కిందికి దిగి, ఎయిర్‌పోర్ట్ పక్క హోటల్‌లో ఆ రాత్రి ఉండండి. మర్నాడు చెక్అవుట్ ఆలస్యంగా చేస్తామని బుకింగ్ రోజే అడిగితే చాలా హోటళ్లు ఒప్పుకుంటాయి, కొన్ని కాస్త డబ్బు తీసుకుంటాయి. స్నానం, భోజనం, ఓ కునుకు అయ్యాక నేరుగా వీల్‌చెయిర్ కౌంటర్‌కు వెళ్లిపోవచ్చు.